అండమాన్ రాళ్ళ సందుల్లో కనిపించే ఆ జెర్రి లాంటి నక్షత్రం ఏమిటి?

మీరడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత నా సోది ఓపికుంటే చదవండి. నీల్ ఐలాండ్‌లో (2018 నుంచి షహీద్ ద్వీప్) రాతి వంతెన దగ్గర గైడు మీ చేతిలో పెట్టింది "నక్షత్ర చేప పిల్ల" కాదు. పిల్లా కాదు, చేప అసలే కాదు. అది బ్రిటిల్ స్టార్, అంటే చేతులు ఇట్టే విరిగిపోయే, సముద్ర నక్షత్రానికి చుట్టమైన జీవి. మధ్యలో అయిదు రూపాయల బిళ్ళంత ఒళ్ళు, బెత్తెడు దాటిన అయిదు చేతులు, వాటి మీద గోధుమరంగు పట్టీలు, రెండు పక్కలా ముళ్ళు, అడుగు భాగం పాలిపోయిన రంగు. మీ ఫొటోని బట్టి ఓఫియోకోమా స్కోలోపెండ్రినా అనే జాతి అని నూటికి తొంభై పాళ్ళు చెప్పగలను. దీని చుట్టం ఇంకొకటి ఉంది, అది కిందా పైనా నల్లగా ఉంటుంది, కాస్త లోపలి నీళ్ళలో పగడాల కింద దాక్కుంటుంది. మీది అది కాదు.

విషం ఉంటుందా అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, నన్ను ఒక్కటీ కుట్టలేదు, కరవలేదు. హైదరాబాద్ తెచ్చి అక్వేరియంలో పెట్టుకోవచ్చా అన్నారు. వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి.

మాది పోర్ట్ బ్లెయిర్. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ నా నోటికి ఇంకా అలవాటు కాలేదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. "అండమాన్‌లో తెలుగువాళ్ళుంటారా?" అని ఇటు ఏ పెళ్ళికొచ్చినా ఒకరు అడుగుతారు. ఉంటారండీ. బజారుకెళ్ళి తెలుగు వినకుండా తిరిగి రావడమే కష్టం.

1996లో నాకు తొమ్మిదేళ్ళు. నాన్న స్నేహితుడు ఒకాయన పడవ మీద వేటకి వెళ్ళేవాడు, మేము మావయ్య అని పిలిచేవాళ్ళం. పౌర్ణమి మర్నాడు ఆయన నన్ను బర్మానల్లా వైపు తీసుకెళ్ళాడు. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్ళు బాగా లోపలికి లాగేస్తాయి కదా, అంతదాకా రాళ్ళూ పాత పగడాల ముక్కలూ బయటపడి ఉన్నాయి. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకురా, జెర్రులుంటాయి అని అమ్మ చెప్పి పంపింది. పెట్టకుండా ఉంటానా? ఒక సందులోంచి రెండు కొసలు బయటికి ఆడుతున్నాయి. పట్టుకుని లాగాను. సగం చెయ్యి నా వేళ్ళలోకి వచ్చేసింది. రక్తం లేదు. తెగిన ముక్క మాత్రం నా అరచేతిలో మెలికలు తిరుగుతోంది. కేక పెట్టి విసిరేశాను.

మావయ్య నవ్వాడు. "ఓరి గుంటడా, అది జెర్రి కాదురా. ఆ రాయి మీద కూకో. నీళ్ళొచ్చినప్పుడు చూడు ఏటి సేస్తాదో" అన్నాడు.

కూర్చున్నాను. గంటకి పైనే పట్టింది. ముందు రాళ్ళ మధ్య గుంటలు నిండాయి, తర్వాత నీళ్ళు పలకల మీదికి ఎక్కాయి, నా మడమ మునిగేంత. అప్పుడు మొదలైంది. నేను చూస్తున్న సందులోంచే కాదు, చుట్టూ ప్రతి సందులోంచీ చేతులు లేచాయి. రెండో మూడో చేతులతో లోపల రాయిని పట్టుకుని, మిగిలినవాటిని నీటి పైకి చాపాయి. పైకి చాపి వెల్లకిలా తిప్పాయి, ఆ తెల్లటి అడుగు భాగం ఆకాశం వైపు పెట్టి. అలా తిప్పి నీటి పైపొరని ఊడ్చాయి. ఊడ్చడమంటే నిజంగా ఊడ్చడమే, మా అమ్మ వాకిలి ఊడ్చినట్టు ఇటునుంచి అటు. నీళ్ళొచ్చేటప్పుడు ముందు తోసుకొచ్చే నురగ, దుమ్ము, ఎండిన నాచు పొడి పైన తేలుతుంది కదా, అదంతా వాటికి అన్నం. చేతి అడుగున ఉండే సన్నటి మెత్తటి కాళ్ళు ఆ పొడిని జిగురుతో ముద్ద చేసి, ఒకదానికొకటి అందించుకుంటూ నోటిదాకా చేరుస్తాయి. నీళ్ళు మోకాలి దాకా వచ్చేసరికి ఆ ఊడుపు ఆగిపోయింది, పైపొర అందడం లేదు మరి. ఆ తర్వాత నీళ్ళలో కొట్టుకొచ్చేది పట్టుకుంటాయి, అడుగున ఉన్న మట్టీ నాకుతాయి. కానీ ఆ మడమ లోతు నీళ్ళలో జరిగేది ఉంది చూశారూ, దానికి సాటి సముద్రంలో ఇంకొకటి లేదు. డాల్ఫిన్లని చూసి చప్పట్లు కొట్టేవాళ్ళని చూస్తే నాకు జాలి.

ఇప్పుడు అక్వేరియం సంగతి మీకే తెలిసుంటుంది. రోజుకి రెండుసార్లు నీళ్ళు లాగి, రెండుసార్లు ఎక్కి, ఆ నురగ తెచ్చే గాజుతొట్టి మీ ఇంట్లో ఉంటే నాకు చెప్పండి. పైగా తొట్టిలోకి అందంగా ఉంటుందని పగడం ముక్క కూడా సంచీలో వేసుకుంటారు. చచ్చిన పగడమైనా సరే దీవుల నుంచి పట్టుకుపోకూడదు, చట్టం ఒప్పుకోదు.

జెర్రి అన్నందుకు మా అమ్మని తక్కువ అంచనా వెయ్యకండి. 1816లో దీనికి పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ (జిరాఫీ మెడ సాగి సాగి పొడుగైందన్న ఆయనే) కూడా అదే అనుకున్నాడు. స్కోలోపెండ్రా అంటే జెర్రే.

ఆ చెయ్యి అంత సులువుగా ఎందుకు ఊడొచ్చిందో డిగ్రీలో జువాలజీ చదివాక గానీ నాకు అర్థం కాలేదు. మామూలు సముద్ర నక్షత్రం చేతుల్లో అరుగుదల గ్రంథులూ, పిల్లల్ని కనే అవయవాలూ ఉంటాయి. చెయ్యి పోతే దానికి పెద్ద నష్టం. దీనికి పొట్టా గిట్టా అంతా మధ్య బిళ్ళలోనే. చేతిలో ఉండేది మన వెన్నుపూసల్లాంటి సున్నపు ముక్కల వరస, వాటిని కదిలించే కండ, ఒక నరం, ఆ మెత్తటి కాళ్ళు. అందుకే వదిలేసి పారిపోతుంది, నెలల మీద మళ్ళీ పెంచుకుంటుంది. నోరు అడుగున, అయిదు దవడలతో ఉంటుంది. మలద్వారం లేదు, తిన్న నోటితోనే బయటికి. మెదడు కూడా లేదు. అయినా పరిగెత్తేటప్పుడు చూడండి, ఏ చెయ్యి ముందుంటే అదే ముక్కు, పక్క రెండూ తెడ్లు. తిరగాల్సిన పనే లేదు.

ఆ డిగ్రీ గురించి కూడా ఒక మాట. చదువుకోసం ఇటు వచ్చి చేరిన కాలేజీలో, పేరెందుకులెండి, ప్రాక్టికల్ పరీక్షకి ఒక సీసా పెట్టారు. ఫార్మలిన్‌లో ఒక బిళ్ళ, దానికి ఒకటిన్నర చెయ్యి, మిగిలినవి అడుగున పుల్లల్లా పడి ఉన్నాయి. సీసా మీద "నక్షత్ర చేప" అని చీటీ. నేను బ్రిటిల్ స్టార్ అని రాశాను. మార్కు ఇవ్వలేదు. చీటీలో ఉన్నదే సరైన జవాబట. ఆ ఒక్క మార్కు ఇప్పటికీ నాకు బాకీ.

ఇంకొకటి, మీ ప్రశ్న కింద ఒకాయన "దీనికి ఒళ్ళంతా కళ్ళే, వేల లెన్సులు" అని రాశారు. ఆ కథ ఈ జాతిది కాదు, కరీబియన్‌లో ఉండే దీని బంధువు, వెండ్టీ అనే జాతిది. ఒంటి మీది సున్నపు గుబ్బలు లెన్సుల్లా పనిచేస్తాయని 2001లో రాశారు, పేపర్లన్నీ ఊగిపోయాయి. 2018లో మళ్ళీ చూస్తే వెలుతురు పసిగట్టే కణాలు ఆ లెన్సుల కింద లేనే లేవు, చర్మమంతా పరుచుకుని ఉన్నాయి. ఆ దిద్దుబాటు వాట్సాప్‌కి ఇంకా చేరినట్టు లేదు.

ఎక్కడెక్కడ దొరుకుతుందంటే, ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం నుంచి మన లక్షద్వీప్, అండమాన్ మీదుగా పసిఫిక్ దీవుల దాకా. పిల్ల దశలో నీళ్ళలో తేలుతూ పోతుంది కాబట్టి అంత దూరం పాకింది. కానీ మ్యాపులో అంత వెడల్పున్నా, ఏ తీరంలో చూసినా అది ఉండేది సన్నటి పట్టీలోనే, నీళ్ళు ఎక్కి దిగే ఆ కొద్ది మేర. 2004 డిసెంబర్ 26 భూకంపానికి మా దక్షిణ అండమాన్ సుమారు మీటరు కిందికి కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీళ్ళు వచ్చి అలాగే ఉండిపోయాయి. ఉత్తరాన తిరగబడింది, అక్కడ నేల పైకి లేచి పగడాలు ఎండకి చచ్చాయి. నేను కూర్చున్న రాయి ఇప్పుడు నీళ్ళు బాగా లాగినప్పుడు కూడా సరిగ్గా బయటపడదు. పట్టీ పైకి జరిగింది, అవీ జరిగాయి. కొత్త చోట ఉన్నాయి, చూశాను.

భూకంపాన్ని తట్టుకున్నవి టూరిస్టులని తట్టుకోలేకపోతున్నాయని నా నమ్మకం. లెక్కలు అడగకండి, నా దగ్గర లేవు. రాయి తిరగేస్తారు, ఫొటో తీస్తారు, రాయిని అలాగే వెల్లకిలా వదిలేసి ఇంకోదాని మీద పడతారు. నీడలో తడిగా బతికేది ఎండలో ఎంతసేపుంటుంది?

మీ ఫొటోలో ఒక చెయ్యి సగం నుంచి సన్నగా, పాలిపోయి ఉంది చూడండి. అది విరిగాక మళ్ళీ పెరుగుతున్నది. మీరు పట్టుకున్నది ఆ చెయ్యే. ఫొటో అయ్యాక దాన్ని ఎక్కడ వదిలారో మాత్రం రాయలేదు.