మోటారులోని ఆ రెండు సన్న వైర్లు డ్రైవ్‌కి నేరుగా కలపొచ్చా?

ప్రశ్న: మా రైస్ మిల్లులో 30 హెచ్‌పీ మోటారుకి కొత్తగా వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే డ్రైవ్) పెట్టించాం. టెర్మినల్ బాక్సులో రెండు సన్న వైర్లు ఖాళీగా ఉన్నాయి. టెంపరేచర్ సెన్సర్‌వి అన్నారు. డ్రైవ్ అనలాగ్ ఇన్‌పుట్‌కి కలిపేయొచ్చా? - ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వాటిని వాడుకోవాలన్న ఆలోచన చాలా మంచిది. డ్రైవ్ మీద స్పీడు తగ్గిస్తే షాఫ్టుకున్న ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. కరెంటు పరిమితిలోనే ఉన్నా గాలి చాలక వైండింగు వేడెక్కిపోతుంది. ఓవర్‌లోడ్ రిలే దాన్ని పసిగట్టలేదు, సెన్సర్ పసిగడుతుంది.

అయితే నేరుగా మాత్రం కలపకండి. ఆ సెన్సర్ వైండింగు తీగల మధ్యలోనే ఉంటుంది. 415 వోల్టుల సప్లై ఉన్న డ్రైవ్‌లో డీసీ బస్ (ఏసీని డీసీగా మార్చి నిలవుంచే లోపలి భాగం) దాదాపు 590 వోల్టులు. మోటారుకి వెళ్లే పల్సులూ అంతే ఉంటాయి, కేబుల్ పొడవైతే మోటారు దగ్గర ఇంకా పెరుగుతాయి. వైండింగుకీ సెన్సర్‌కీ మధ్య ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ వోల్టేజీ అంతా సన్న వైర్ల మీదుగా కంట్రోల్ టెర్మినల్స్‌కి వస్తుంది. మీ ఆపరేటర్ స్పీడు కోసం తిప్పే పొటెన్షియోమీటరు వైర్లు ఉండేదీ అక్కడే. డ్రైవ్ కంట్రోల్ కార్డు కాలితే కొత్తది కొనుక్కోవచ్చు, నాకు భయమల్లా ఆ చెయ్యి గురించే.

అందుకే ఇలాంటి చోట డబుల్ లేదా రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్ (మామూలు దానికి రెట్టింపు రక్షణ) ఉండాలని డ్రైవ్‌ల భద్రతకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61800-5-1 చెబుతుంది. మీ మోటారు సెన్సర్‌కి అది ఉందని తయారీదారు కాగితం మీద రాసిస్తే, డ్రైవ్ మాన్యువల్ కూడా ఒప్పుకుంటే, అప్పుడు నేరుగా కలపొచ్చు. ఒకసారి రివైండింగ్ అయిన మోటారైతే ఆ కాగితాన్ని కూడా నమ్మొద్దు. కాగితం లేకపోయినా, రివైండింగ్ అయినా మధ్యలో థర్మిస్టర్ రిలే (సెన్సర్‌ని చూసి కాంటాక్టు మార్చే రిలే) వేయించి, దాని కాంటాక్టుని డ్రైవ్‌లో ఎక్స్‌టర్నల్ ఫాల్ట్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. సెన్సర్ వైపుకీ కాంటాక్టు వైపుకీ మధ్య సరిపడా ఐసొలేషన్ ఉన్న రిలేనే కొనాలి. ఈ రిలే పీటీసీ సెన్సర్ (వేడి హద్దు దాటితే నిరోధం ఒక్కసారిగా పెరిగేది) అయితేనే పనికొస్తుంది, పీటీ100 లాంటివాటికి రిలే వేరే ఉంటుంది.

ఏ సెన్సరో మోటారు వైరింగ్ డయాగ్రాం చూసి తేల్చుకోండి. ఫేజుకొకటి చొప్పున మూడు పీటీసీలు సిరీస్‌లో ఉంటే చల్లగా ఉన్నప్పుడు 750 ఓమ్‌ల లోపే చూపించాలి. మామూలు మల్టీమీటరు చాలు. పీటీసీ మీద 2.5 వోల్టులు దాటకూడదు కాబట్టి మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఆ రెండు వైర్ల మధ్య ఎప్పుడూ పెట్టొద్దు. వైండింగుకి మెగ్గర్ పెట్టేటప్పుడు కూడా సెన్సర్ వైర్లు రెండూ కలిపి ఎర్త్ చేయండి. పవర్ తీశాక డ్రైవ్ కవరు మీద రాసినన్ని నిమిషాలు ఆగాకే చెయ్యి పెట్టండి. సెన్సర్‌కి షీల్డెడ్ కేబుల్ వాడి, మోటారు కేబుల్‌కి దూరంగా లాగండి.

ప్రశ్న: పాత మోటారులో కేటీవై84 టెంపరేచర్ సెన్సర్ ఉండేది, కొత్తదాంట్లో పీటీ1000. రెండూ 1000 ఓమ్‌లే కదా, డ్రైవ్‌లో సెన్సర్ సెట్టింగు మార్చాలా?

జవాబు: తప్పకుండా మార్చాలి. కేటీవై84 1000 ఓమ్‌లు చూపేది 100 డిగ్రీల దగ్గర, పీటీ1000 చూపేది సున్నా దగ్గర. పాత సెట్టింగు వదిలేస్తే చల్లటి మోటారుకే 110 డిగ్రీలు దాటి చూపిస్తుంది. విసుగొచ్చి ట్రిప్ లిమిట్ పెంచకండి, సెన్సర్ రకం మార్చండి. దీనికి ఉల్టాగా కేటీవై84 పెట్టి పీటీ1000 సెట్ చేస్తే 100 డిగ్రీలకు కాగిన మోటారుని డ్రైవ్ సున్నా అనుకుంటుంది, సమయానికి ట్రిప్ చేయదు.