పది నెలల పాపకి ఆవుపాలతో దద్దుర్లు: ముందు ఇది లాక్టోజ్ సమస్య అనుకోవడం మానండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండీ. పాప ఇప్పటిదాకా మీ పాలే తాగింది, ఏ ఇబ్బందీ లేదు. పది నెలలు వచ్చాయి కదా అని ఉగ్గులో కాసిని ఆవుపాలు కలిపి పెట్టారు. పావుగంటలో మూతి చుట్టూ, మెడ మీద దద్దుర్లు లేచాయి, ఒకసారి వాంతి అయింది. మీకూ పాలు తాగితే కడుపు ఉబ్బరం, కాబట్టి మీ పోలికే వచ్చిందనీ, లాక్టోజ్ (పాలలోని చక్కెర) లేని పాలో మేకపాలో ఇచ్చి చూడమనీ మీ అత్తగారు అంటున్నారు.

దయచేసి ఆ రెండూ ఇంట్లో ఇచ్చి చూడకండి. నేను డాక్టర్ని కాను. కానీ మా ఇంట్లో రెండు సమస్యలూ ఉన్నాయి. మా మామగారికి లాక్టోజ్ అరగదు, మా చిన్నవాడికి పాల అలర్జీ. ఇద్దరికీ ఒకే పొయ్యి మీద వండుతున్నాను కాబట్టి తేడా ఎక్కడుందో చెప్పగలను.

ముందు మీ పాప విషయమే చూడండి. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకి సుమారు 7 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. ఆవుపాలలో 5 గ్రాముల లోపే. ఇన్ని నెలలు మీ పాలు హాయిగా అరిగించుకున్న పిల్లకి రెండు చెంచాల ఆవుపాలలోని లాక్టోజ్ వల్ల ఒంటి మీద దద్దుర్లు రావు. మీ పాలలో దాదాపు లేకుండా ఆవుపాలలో నిండుగా ఉన్నది ఆవు ప్రోటీను. అనుమానించాల్సింది దాన్నే.

లాక్టోజ్ పాలలోని చక్కెర అన్నాను కదా. చిన్నపేగు లోపలి పొరలో ఉండే లాక్టేజ్ అనే ఎంజైము దాన్ని విడగొట్టి అరిగిస్తుంది. తల్లిపాలు మానేశాక, వయసు పెరిగేకొద్దీ చాలామందిలో ఆ ఎంజైము తగ్గిపోతుంది. ఉత్తరాదికంటే మన దక్షిణాదిలో ఇది ఎక్కువ. అరగని చక్కెర పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. పేగులోకి నీరు కూడా చేరుతుంది. అందుకే ఉబ్బరం, గుడగుడ, నీళ్ల విరేచనాలు. బాధ నిజమే, కానీ అంతా పొట్టలోనే. దానివల్ల పెదవి వాయదు, పిల్లికూతలు రావు. మీకున్నది ఇదే కావచ్చు. అది పది నెలల పిల్లలో ఇలా బయటపడదు. పసిపిల్లల్లో లాక్టోజ్ ఇబ్బంది కనిపిస్తే ఎక్కువగా అది పెద్ద విరేచనాల జబ్బు తర్వాత పేగు పొర దెబ్బతిని వచ్చేదే. పేగు కోలుకుంటే అదీ తగ్గిపోతుంది.

అలర్జీ అలా కాదు. పాలలోని కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ లాంటి ప్రోటీన్లను ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ శత్రువనుకుని తిరగబడుతుంది. ఎక్కువగా నిమిషాల్లో, లేదా రెండు గంటల లోపు దద్దుర్లు, వాపు, వాంతులు, దగ్గు, ఆయాసం రావచ్చు. నిదానంగా బయటపడే రకం కూడా ఒకటుంది. అందులో విరేచనంలో రక్తపు చారలు కనిపించడం, తాగిన కొన్ని గంటలకి వాంతుల మీద వాంతులు కావడం లాంటివి ఉంటాయి. అది మామూలు అలర్జీ రక్తపరీక్షలో దొరకదు. మీరు చెప్పింది మొదటి రకంలా ఉంది.

మా మామగారిది మోతాదు సమస్య. రాత్రి గ్లాసుడు పాలు తాగితే తెల్లారేదాకా అవస్థ. పొద్దున కాఫీకి ఏమీ కాదు, మధ్యాహ్నం పెరుగన్నం మానరు. పెరుగు తోడుకునేటప్పుడే కొంత లాక్టోజ్ తగ్గుతుంది, మిగిలినదాన్ని అరిగించడానికి అందులోని బ్యాక్టీరియా సాయం చేస్తుంది. చిన్నవాడికి మోతాదు అనే మాటే లేదు. పెళ్లి భోజనంలో పెరుగులో ముంచిన గరిటెతోనే పప్పు వడ్డిస్తే చాలు, మెడ ఎర్రబడుతుంది.

లాక్టోజ్ లేని పాలు మామగారికి బాగా పనికొచ్చాయి. ఆ పాలలో లాక్టేజ్ కలిపి చక్కెరను ముందే విడగొడతారు, అందుకే కాస్త తియ్యగా ఉంటాయి. కానీ ప్రోటీన్లన్నీ అలాగే ఉంటాయి. మీ పాపకి అవి మామూలు ఆవుపాలతో సమానం. మేకపాల ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లకి ఎంత దగ్గరంటే, ఆవుపాలు పడని పిల్లల్లో అత్యధికులకి అవీ పడవు. గేదెపాలు కూడా అంతే. బాగా మరిగిస్తే పోతుందని మా వైపు కూడా అన్నారు. కేసీన్ పొయ్యి మీది మరుగుకి చెక్కుచెదరదు.

మన వంటల్లో పాలు దాక్కునే చోట్లు చాలా ఉన్నాయి, పాప పెద్దదయ్యేకొద్దీ మీకు పనికొస్తాయి. బిర్యానీ ముక్కలు పెరుగులో నానతాయి. ఊరమిరపకాయలు మజ్జిగలో ఊరతాయి. బేకరీ బ్రెడ్డులో, బిస్కెట్లలో పాలపొడి ఉంటుంది. గుళ్లో పంచామృతం చేతిలో పోస్తారు, కాదనలేం. జున్ను విషయంలో ఇంకా జాగ్రత్త. ముర్రుపాలలో లాక్టోజ్ తక్కువ, ప్రోటీను చాలా ఎక్కువ. మామగారు ఇష్టంగా తినే జున్నే మావాడికి అన్నిటికంటే ప్రమాదం. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు కాబట్టి ఆయన ముద్దపప్పులో ధారాళంగా వేసుకుంటారు. కానీ నెయ్యి కాచాక అడుగున మిగిలే మడ్డి పాల ప్రోటీనే, పైన తేరినదాంట్లోనూ కాస్త మిగలొచ్చు. అలర్జీ డాక్టరు చెప్పేదాకా పాపకి నెయ్యి కూడా ఆపండి. ప్యాకెట్ల మీద అలర్జీ కలిగించే పదార్థాల వరుసలో పాలు ఉన్నాయేమో చూడండి. పాలు వాడితే అక్కడ రాయాలని మన దేశంలో నియమం ఉంది. వే (whey), కేసినేట్ (caseinate) అన్నా పాలే.

పరీక్షల మాట. మామగారికి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష చేశారు. అలర్జీకి దానితో పనిలేదు. పిల్లలకి చర్మం మీద చుక్క వేసి గుచ్చే పరీక్ష, లేదా పాలకి ప్రత్యేకమైన ఐజీఈ (అలర్జీలో ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) రక్తపరీక్ష చేస్తారు. పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఖాయం కాదు, జరిగిన కథతో కలిపి చూస్తారు. అనుమానం మిగిలితే ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా పాలు ఇచ్చి గమనిస్తారు. పదుల కొద్దీ ఆహారాలకి ఒకేసారి చేసే ఐజీజీ (ఇది వేరే రకం యాంటీబాడీ) ప్యాకేజీలకి డబ్బు పెట్టకండి, వాటితో అలర్జీ తేలదు.

డాక్టరుకి చూపించేలోగా పొరపాటున పాలు లోపలికి వెళ్లి పాపకి ఆయాసం, గొంతు బొంగురు, ఆగని దగ్గు, ఒళ్లు వేలాడేయడం, ముఖం పాలిపోవడం లాంటివి కనిపిస్తే అలర్జీ సిరప్ పోసి కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి పరిగెత్తండి. అప్పుడు ప్రాణం కాపాడేది తొడకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. పాపని నిటారుగా ఎత్తుకోకుండా పడుకోబెట్టే ఉంచండి. వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి. ఆయాసంగా ఉంటే కాస్త కూర్చున్నట్టు ఆనించి పట్టుకోవచ్చు.

మీ పాలు మాత్రం మాన్పించకండి. మీరు పాలు, పెరుగు తిన్నా పాపకి ఇప్పటిదాకా ఏమీ కాలేదు కాబట్టి మామూలుగా మీరు మానాల్సిన అవసరం ఉండదు, డాక్టరుతో ఒకసారి రూఢి చేసుకోండి. పోతపాలు కావాల్సి వస్తే ప్రోటీన్లను బాగా ముక్కలు చేసిన ప్రత్యేక పాలపొడులు ఉన్నాయి, ఏది అన్నది వారే రాస్తారు. రాగిజావ పెట్టండి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంది, కానీ పాపకి పాల బదులు అదొక్కటే సరిపోదు.

చాలామంది పిల్లలకి ఈ అలర్జీ పెద్దయ్యేకొద్దీ పోతుంది. మావాడు ఇప్పుడు స్కూలుకి వెళ్తున్నాడు. ఆసుపత్రిలో పరీక్షించాక, ఓవెన్‌లో బాగా కాలిన కేకులోని పాలు పడుతున్నాయి. గోధుమపిండితో కలిసి అంత వేడిలో అంతసేపు ఉంటే ప్రోటీను కొంత మారుతుందట. మామూలు పాలు, పెరుగు ఇంకా దగ్గరికి రానివ్వం.

మీరు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు దద్దుర్ల ఫోటో ఉంటే తీసుకెళ్లండి. ఎంత పాలు, ఎన్నింటికి పెట్టారు, మొదట ఏం కనిపించింది, ఎంతసేపటికి తగ్గింది, ఉగ్గులో ఇంకేం కలిపారు అన్నది కాగితం మీద రాసుకోండి. బాదం, జీడిపప్పు పొడి కలిపి ఉంటే తప్పకుండా చెప్పండి. అప్పుడు వాటినీ పరీక్షించాల్సి వస్తుంది.