నాన్నగారి అంబాసిడర్‌కి కొత్త బ్రేకులు, యాక్సిల్: బంగారం తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. నాకు 39 ఏళ్లు. ఐదెకరాల చెరువు లీజుకి తీసుకుని రొయ్యలు వేస్తున్నాను. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 22,000. పాప తొమ్మిదో తరగతి. నాన్నగారు 1986లో కొన్న పెట్రోలు అంబాసిడర్ ఉంది. నెలకి రెండుసార్లు రాజోలు అత్తారింటికి అందులోనే వెళ్తాం, ఏడాదికి 1,500 కిలోమీటర్లు తిరుగుతుందేమో. ఈమధ్య బ్రేకు తొక్కితే ఎడమకి లాగుతోంది. 60 దాటితే వెనక నుంచి గూయ్‌మని రొద. మెకానిక్ ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు 70,000, వెనక యాక్సిల్ మొత్తం వేరేది వేయడానికి 1,15,000, అల్లాయ్ వీల్స్, టైర్లు 45,000, పెయింటు 30,000 అన్నాడు. బ్యాంకులో 1,40,000 ఉన్నాయి. అందులో 60,000 తీసి, మిగతా 2 లక్షలు మా ఆవిడ బంగారం మీద తెద్దామనుకుంటున్నాను. నెలకి 5,000 మ్యూచువల్ ఫండ్ సిప్ కూడా కొన్నాళ్లు ఆపేస్తాను. పాత కార్లకి రేటు పెరుగుతోంది కదా, దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: డబ్బు సంగతి తర్వాత. చక్రాలు విప్పి చూపించేదాకా ఆ బండి బయటికి తీయకండి.

మీ ఉత్తరం చదివాక నాకు తెలిసిన ఒక పాతకాలపు మెకానిక్‌ని అడిగాను. ఆయన మొదట అడిగింది బ్రేకుల గురించి కాదు, వెనక ఆయిల్ సీల్ గురించి. యాక్సిల్ హౌసింగ్‌లో, అంటే వెనక ఇరుసు ఉండే గొట్టంలో, గేర్ ఆయిల్ ఉంటుంది. చక్రం దగ్గర సీల్ పోతే ఆ ఆయిల్ కారి బ్రేకు లైనర్ల మీద పడుతుంది. ఆయిల్ తాగిన లైనర్ పట్టదు. కుడిపక్క పట్టక, ఎడమపక్క పడితే బండి ఎడమకే లాగుతుంది. అలా కారిపోయి హౌసింగ్‌లో ఆయిల్ తగ్గితే అందులో వెనక చక్రాలని తిప్పే పళ్లచక్రాలు, క్రౌన్, పినియన్, రొద మొదలెడతాయి. అంటే మీరు రాసిన రెండు జబ్బులకీ కారణం ఒక్కటే కావచ్చు. హౌసింగ్ మీద గాలి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుందట. చెరువు గట్ల మీద బురదలో తిరిగే బండికి అది మూసుకుపోతే, లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతుందని చెప్పారు.

ఇదే కారణమని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. ముందు చక్రం సిలిండర్ బిగుసుకుపోయి ఉండొచ్చు, హబ్ బేరింగ్ అరిగి ఉండొచ్చు. కానీ 1,15,000 పెట్టి యాక్సిల్ మార్చేముందు విప్పి చూడటానికి ఒక పూట కూలీ చాలు. విప్పినప్పుడు మీరు అక్కడే నిలబడండి. లైనర్ మీద ఆయిల్ ఉందా, హౌసింగ్‌లో ఆయిల్ ఎంతుంది, పినియన్ పళ్లు అరిగాయా అన్నది మీ కళ్లతో చూడండి. పళ్లు నిజంగా పోయి ఉంటే అప్పుడు కూడా అంబాసిడర్‌కే చెందిన మంచి పాత యాక్సిల్ దొరుకుతుందేమో ముందు వెతకండి. వేరే బండిది వేస్తే ఖర్చు అక్కడితో ఆగదు. కమాన్ల (పట్టీల స్ప్రింగుల) మీద కూర్చోవాలి, ఇంజిన్ వైపు నుంచి యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కుదరాలి, చక్రం బోల్టులు కలవాలి, హ్యాండ్‌బ్రేకు కేబుల్ అందాలి. బోల్టులు కలవకపోతే చక్రాలూ మార్చాలి. అల్లాయ్ వీల్స్ 45,000 ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

బ్రేకుల మాట వేరు. అక్కడ మీతో బేరం ఆడను. 1986 అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. వానాకాలంలో రోడ్డు మీద నీళ్లు నిలిస్తే డ్రమ్ములోకి నీరు చేరి, ఆరేదాకా సరిగా పట్టవు. డిస్క్ తొందరగా ఆరుతుంది, తొందరగా చల్లబడుతుంది. అయితే డిస్కులకి ఎక్కువ ఒత్తిడి కావాలి కాబట్టి మనం తొక్కే బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ కూడా పెట్టాలి. ఆ 70,000లో అది ఉందో లేదో అడగండి. ఇంకోటి, బ్రేకు తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ మీది ఒకే లైనుదా, రెండు లైన్లదా? ఒకే లైనుదైతే ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. నా దృష్టిలో డిస్క్ కంటే ముందు మార్చాల్సింది అదే. సీల్, లైనర్లు, గొట్టాలు, కొత్త బ్రేకు ఆయిల్, అవసరమైతే రెండు లైన్ల మాస్టర్ సిలిండర్, వీటికయ్యే డబ్బు ఈ నెలలోనే మీ 1,40,000లోంచి తీయండి. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి ఆగడానికి పెట్టే ఖర్చు మందుల ఖర్చు లాంటిది. ఆ తర్వాత బండి నిఠారుగా ఆగుతుంటే డిస్కుల తొందర లేదు.

బంగారం మాత్రం ముట్టుకోకండి. 10 శాతం వడ్డీ అనుకున్నా 2 లక్షలకి ఏడాదికి 20,000. అంటే దాదాపు మీ ఆవిడ నెల జీతం. అదీ కాక, రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు వచ్చి పంట పోయిన రోజున మీకు మేత డీలరు కంటే ముందు అక్కరకొచ్చేది ఆ బంగారమే. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య రైతు పరిస్థితి ఏమైందో నేను మీకు చెప్పక్కర్లేదు. జీతగాళ్లకి ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టమంటాం. మీకు ఇంటిఖర్చుతో పాటు కనీసం ఒక కల్చర్‌కి, అంటే ఒక పంటకి, సరిపడా లీజు, రొయ్య పిల్ల, మేత డబ్బు ఉండాలి. 1,40,000 అందులో ఏ మూలకి?

ఇక పెట్టుబడి. మెకానిక్ చెప్పిన 2,60,000 ఐదేళ్ల మీద పంచితే ఏడాదికి 52,000. మీరు తిరిగే 1,500 కిలోమీటర్లకి చూస్తే కిలోమీటరుకి దాదాపు 35 రూపాయలు, పెట్రోలు కాకుండానే. ఇది సరదా అండి, తప్పులేదు, కానీ పెట్టుబడి అనకండి. పైగా పాత కారు కొనేవాడు ఎక్కువ ఇచ్చేది అసలు రూపంలో ఉన్నదానికే. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలన్నది అందులో షరతు. మీ బండికి 2036లో 50 నిండుతాయి. యాక్సిల్ కోసం ఛాసిస్ కోసి వెల్డింగ్ పెట్టారంటే ఆ దారి మూసుకుపోవచ్చు. ఏది మార్చినా పాత డ్రమ్ములు, పాత యాక్సిల్ గ్రీజు రాసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి, పాత ఇనుము వాడికి వేయకండి. సొంతానికి వాడుకునే కారు అమ్మితే వచ్చే లాభానికి పన్ను లేదు, నష్టం వస్తే ఎక్కడా చూపించుకోనూ లేరు.

కాగితాలు కూడా చూసుకోండి. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ కదా, లెక్కప్రకారం మీది 2026లో రావాలి. 2025 ఆగస్టులో పెంచిన రేటు ప్రకారం 20 ఏళ్లు దాటిన కార్లకి ఆ ఫీజే 10,000. బ్రేకులు సరిగా లేకుండా తనిఖీకి వెళ్లి లాభం లేదు. ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి "ఎలాగూ విప్పాం, ఇంజిన్ కూడా మార్చేద్దాం" అని మెకానిక్ అంటే అక్కడే ఆపండి. చేసిన మార్పులు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. మీ 1,489 సీసీ ఇంజిన్‌కి థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో పెట్టిన రేటు ప్రకారం 3,416 రూపాయలు, పన్ను అదనం. అది ఒక్కరోజు కూడా లాప్స్ కానివ్వకండి.

అడ్వాన్సు విషయంలో నా గోడు ఒకటి. మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు పనికి నేను ఒక షెడ్డులో మొత్తం డబ్బు ముందే కట్టేశాను. ఎనిమిది నెలలు వానలో నానింది. తిరిగొచ్చేసరికి వెనక సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. మీరు సామాన్లకి బిల్లు, కూలీకి వేరే లెక్క రాయించుకోండి. అడ్వాన్సు మూడోవంతు దాటనివ్వకండి.

సిప్ ఆపకండి. మీ ఉత్తరంలో కారుకి అన్ని వాక్యాలు, పాపకి ఒకటి. మీకేమైనా అయితే ఇంటివాళ్లకి డబ్బొచ్చే టర్మ్ పాలసీ ఊసే లేదు. కనీసం 50 లక్షలకి ఈ నెలలో తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా లేదు. తర్వాత రొయ్యలు పట్టి అమ్మిన ప్రతిసారీ అప్పులు తీరగా మిగిలినదాంట్లో పదోవంతు కారు పేరున వేరే ఖాతాలో వేయండి. డిస్కులకి సరిపడా చేరినప్పుడు డిస్కులు, ఆ తర్వాతే పెయింటు. అల్లాయ్ వీల్స్ మాత్రం నాన్నగారి బండికి నప్పవని నా అభిప్రాయం, అది డబ్బు సలహా కాదు లెండి.

వెనక చక్రాలు విప్పాక సీల్ సంగతి ఏం తేలిందో రాయండి. అప్పటిదాకా రాజోలు దారిలో గోదావరి మీది చించినాడ వంతెన బస్సులో దాటండి.