కోడి మీద కాదు, ముందు గూట్లో చూడండి, అదీ రాత్రిపూట

మీ కోళ్లకి పట్టిన పురుగుల గురించి మీరు రాసింది చదువుతుంటే మా ఇంటి కథే చదివినట్టుంది. చెక్క గూడు, డజను నాటుకోళ్లు, పొదగేసిన పెట్ట 9 రోజులకే గుడ్లు వదిలేసి బయట తిరగడం, గూట్లో చెయ్యి పెడితే మోచేతి దాకా సన్నవి ఏవో పాకడం, వేపనూనె రెండుసార్లు రాసినా తగ్గకపోవడం, మీరు చెప్పినవన్నీ నేను పడ్డవే. మాది జంగారెడ్డిగూడెం పక్కన పల్లెటూరు, పెరట్లో ఎప్పుడూ పాతిక ముప్పై కోళ్లు ఉంటాయి.

వేపనూనె పనిచెయ్యదని కాదండి. మీరు కోడికి రాశారు, పురుగు (ఎర్రనల్లి అని నా అనుమానం) ఉన్నది గూట్లో. నేనూ ఇదే తప్పు చేశాను, అదీ నెల రోజులపాటు.

మూడేళ్ల క్రితం ఎండాకాలంలో మా నల్లపెట్ట 11 గుడ్ల మీద కూర్చుంది. 14వ రోజు నుంచి లేచిపోతోంది, మళ్లీ వచ్చి కూర్చుంటోంది, ముక్కుతో పొట్ట కింద పొడుచుకుంటోంది. పేలు పట్టాయనుకుని వేపనూనె రాశాను, సబ్బునీళ్లతో కడిగాను. రెండ్రోజులు బాగానే ఉంటుంది, తర్వాత మామూలే. దాని తల మీద జుట్టు ఎర్రగా ఉండాల్సింది రోజురోజుకీ పాలిపోతూ వచ్చింది. మా అత్తగారు దిష్టి అన్నారు, మా వారు కొక్కెర తెగులేమో అన్నారు. ఒకరోజు పొద్దున్నే చూస్తే గంపలోనే చచ్చిపడి ఉంది. అప్పటికి గుడ్లూ చెడిపోయాయి. పశువుల డాక్టరు గారు వచ్చి కోడిని ఎత్తి చూసి, "ఒంట్లో రక్తం లేదమ్మా, రాత్రి పదింటికి టార్చి తీసుకుని గూడు చూడు" అన్నారు. చూశాను. కోళ్లు వాలే వెదురు కర్ర కణుపుల దగ్గర, చెక్కల సందుల్లో, కారప్పొడి ఒలికినట్టు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. వేలితో నలిపితే ఎర్రగా రక్తం మరక. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఒళ్లంతా పాకుతున్నట్టే అనిపించింది.

అవి ఎర్రనల్లులు, కోళ్లకి పట్టే సన్న పురుగులు, మంచం నల్లులు కావు. పగలంతా సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక కోడి మీదకెక్కి రక్తం తాగి, తెల్లారేలోపు మళ్లీ సందుల్లోకి పోతాయి. ఆకలితో ఉంటే బూడిదరంగు, తాగాక ఎరుపు. పగటిపూట కోడిని ఎంత వెతికినా కనపడకపోవడానికి కారణం ఇదే. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం పది రోజులు చాలు. మేత లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి, గూడు రెండు నెలలు ఖాళీగా వదిలేస్తే పోతాయిలే అనుకోకండి. పొదిగే పెట్ట 21 రోజులు కదలకుండా ఒకేచోట కూర్చుంటుంది కదా, వాటికి అంతకన్నా పండగ ఏముంటుంది.

పేలు వేరు. అవి పుట్టేదీ చచ్చేదీ కోడి మీదే, కోడిని వదిలితే వారం కూడా బతకవు. పట్టపగలే చూడొచ్చు. కోడిని పట్టుకుని రెట్ట వేసే చోటు చుట్టూ, రెక్కల కింద ఈకలు విడదీస్తే గడ్డిరంగులో ఉన్నవి గబగబా పరిగెడతాయి, ఈక మొదట్లో పంచదార పలుకులు అంటించినట్టు గుడ్ల గుత్తి ఉంటుంది. నల్లుల్లోనే ఇంకో రకం ఉంది, అది రాత్రీ పగలూ కోడి మీదే ఉండి రెట్ట చోటు దగ్గర ఈకల్ని మురికి పట్టినట్టు నల్లగా చేస్తుంది. ఇక కళ్ల చుట్టూ, జుట్టు మీద నల్ల ఆవాల్లా అతుక్కుని కదలకుండా ఉంటే అవి చర్మానికి అతుక్కుపోయే ఇంకో రకం పురుగులు (ఇంగ్లీషులో స్టిక్‌టైట్ ఫ్లీ అంటారు), వాటి సంగతి వేరే. మీ చేతి మీద పాకుతున్నాయంటున్నారు, పెట్ట గంపలోనే ఎక్కువ అంటున్నారు, అంటే నాకు ఎర్రనల్లి మీదే అనుమానం. అయినా నా మాట నమ్మకండి, వాలే కర్రకి రాత్రి తెల్లగుడ్డ చుట్టి, పొద్దున్నే విప్పి చూడండి. ఎర్ర చుక్కలు, మరకలు ఉంటే అదే.

నల్లి అయితే గూటి మీద పడాలి. మేం చేసింది చెబుతాను. ముందు కోళ్లన్నిటినీ బయటికి తోలేసి, గంపల్లోని వరిగడ్డి, ఊక, అడుగున రెట్టతో సహా ఎత్తి దూరంగా తీసుకెళ్లి తగలబెట్టాం (పెంటకుప్ప మీద వెయ్యొద్దు, అక్కణ్నుంచి మళ్లీ నడిచి వస్తాయి). తర్వాత సలసల కాగే నీళ్లు, ఒక బిందె కాదు, ఆరేడు బిందెలు, ప్రతి సందులోనూ పోశాం. ఇనుప భాగాలకి మా వారు గ్యాసు మంట పట్టించారు. చెక్కకి, తాటాకుకి ఆ పని పెట్టుకోకండి, గూడే మిగలదు. గూడు బాగా ఆరాక సందులు పూడేలా చిక్కగా సున్నం కొట్టాం. పాతకాలం వాళ్లు ఏడాదికోసారి కోళ్లగూటికి సున్నం ఎందుకు వేసేవాళ్లో నాకు అప్పుడు తెలిసింది, అందానికనుకునేదాన్ని. వెదురు కర్ర తీసేసి నున్నటి ఇనుప గొట్టం పెట్టాం, దాని రెండు కాళ్లనీ పాత ఇంజిన్ ఆయిల్ పోసిన డబ్బాల్లో నిలబెట్టాం, అన్నం గిన్నెకి చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెడతామే, అలాగ. గొట్టం ఏ పక్కా గోడకి తగలకూడదు, తగిలితే డబ్బాలు దండగ.

ఇదంతా ఒకసారి చేసి చేతులు దులిపేసుకుంటే లాభం లేదు. సందుల లోపలున్న నల్లి గుడ్లన్నీ ఒక్కసారికే చావవు. వారానికోసారి చొప్పున మూడుసార్లు వేడినీళ్లు పోశాకే మా గూడు శుభ్రపడింది. రెండోసారి అవసరం లేదులే అనిపిస్తుంది, ఎందుకంటే కళ్లకి ఏమీ కనపడవు. అక్కడే అందరం దెబ్బ తింటాం.

కోడి మీదున్న పేలకైతే మందు కావాలి. మా డాక్టరు గారు డెల్టామెత్రిన్ రాసిచ్చారు, మిల్లీలీటరులో 12.5 మిల్లీగ్రాములుండే పశువుల మందు, లీటరు నీళ్లకి 2 మిల్లీలీటర్లు. సీసాని బట్టి ఘాటు మారుతుంది, కాబట్టి నా లెక్క మీరు వాడకండి, సీసా చూపించి అడగండి. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో అడిగినా సరే, పశువైద్యం కోసం ఉన్న 1962 నంబరుకి ఫోన్ చేసినా సరే. ఎండ బాగా ఉన్న రోజు పొద్దున, చేతులకి తొడుగులు వేసుకుని, కోడి తల బయట ఉంచి మెడదాకా ముంచి, ఈకల్లోకి నీళ్లు వెళ్లేలా వేళ్లతో కదిపి తీసేయడమే. మబ్బు రోజు చేస్తే జలుబు చేస్తుంది. 10 నుంచి 14 రోజులకి మళ్లీ ముంచాలి, మొదటిసారికి చావని గుడ్లు ఆపాటికి పిల్లలవుతాయి. చిన్న పిల్లల్ని మాత్రం ముంచకండి. మందు వాడాక గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా ఆ డాక్టర్నే అడగండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పొలానికి కొట్టే మందు మాత్రం కోళ్ల మీద కొట్టకండి, ఎవరు చెప్పినా సరే. ముఖ్యంగా వరికి వాడే ఫిప్రోనిల్, కుక్కల గోమార్లకి కూడా అదే ఉంటుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియంలలో ఇదే ఎర్రనల్లికి కోళ్ల షెడ్లలో ఫిప్రోనిల్ కలిసిన మందు కొడితే అది గుడ్లలోకి చేరింది, లక్షల్లో గుడ్లు దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. కిరసనాయిలు కూడా వద్దు. మా ఆడపడుచు వాళ్లింట్లో రాస్తే కోడికి చర్మం కాలి పొక్కులు లేచాయి. సీతాఫలం గింజల పొడి పేలకి పనిచేస్తుందంటారు గానీ కంట్లో పడితే కోడికైనా మనిషికైనా కష్టమే, నేను ఇంట్లోకి రానివ్వను.

రాకుండా చూసుకోవడానికి మా అత్తగారి పద్ధతిని మించింది నాకు కనపడలేదు. దిష్టి విషయంలో ఆవిడతో గొడవపడ్డాను కానీ బూడిద గుంట విషయంలో ఆవిడదే రైటు. మామిడిచెట్టు కింద మూరెడు లోతు గుంట, అందులో పొడి ఇసక, పిడకల బూడిద, ఎండిన వేపాకు నలిపి కలపడం, అంతే. కోళ్లు అందులో పొర్లి ఈకలన్నిటికీ దుమ్ము పట్టించుకుంటాయి, పేలని వదిలించుకోవడం వాటికి తెలుసు. కాకపోతే వానాకాలంలో గుంట బురదైపోతుంది, సరిగ్గా అప్పుడే పేలు పెరుగుతాయి. అందుకే మేం రెండు రేకులు అడ్డం పెట్టి కప్పు వేశాం. ముక్కు కత్తిరించిన కోళ్లని ఫారం నుంచి చవగ్గా తెచ్చుకుంటే వాటి మీద ఇంకో కన్ను వేసి ఉంచండి, ఈకలు సరిగ్గా దువ్వుకోలేవు. కొత్త కోడి ఏదొచ్చినా రెండు మూడు వారాలు విడిగా గంప కింద. పోయిన సంక్రాంతికి మా తమ్ముడు ముచ్చటపడి ఒక పుంజుని తెచ్చి నేరుగా గూట్లో వదిలాడు, పది రోజుల్లో అన్నిటికీ పేలు. పుంజు మాత్రం చాలా బాగుంటుంది లెండి, అందుకే ఇంకా ఉంది.

పిల్లల తలకి అంటుకుంటాయా అని అడిగారు. కోడిపేలు మనిషి తలలో బతకవు, టెన్షన్ పడకండి. ఎర్రనల్లి మాత్రం కుడుతుంది, దురద పుడుతుంది, కానీ మన మీద కాపురం పెట్టదు. స్నానం చేసి బట్టలు వేడినీళ్లలో వేస్తే సరి.

గూడు పని ఆదివారం పెట్టుకోండి గానీ, పెట్ట సంగతి ఈ రాత్రికే చూడాలి, లేకపోతే గుడ్లు పోతాయి. కొత్త గంప, లేదంటే అట్టపెట్టె తీసుకోండి. అడుగున పొడి ఇసక, దాని మీద ఎండకి పెట్టిన కొత్త గడ్డి, మధ్యలో గుప్పెడు బూడిద. గుడ్లని పొడిగుడ్డతో తుడిచి (తడపకండి) అందులో పెట్టి, చీకట్లోనే పెట్టని తెచ్చి కూర్చోబెట్టండి, పగలైతే పాత చోటికే పరిగెత్తుతుంది. పాత గూటికి దూరంగా, ఇంట్లో ఒక మూల అయినా పర్లేదు. రోజూ మేతకి లేచినప్పుడు ఎలాగూ పావుగంట గుడ్లు వదిలేస్తుంది, కాబట్టి ఈ మార్చే పనిలో గుడ్లు కాస్త చల్లారినా భయం లేదు. దానికి గుడ్ల మీద ఉండగా మందు ముట్టించకండి. రేపు పొద్దున కూర్చునే ఉందో లేదో ఇక్కడే రాయండి, తెల్లగుడ్డ మీద ఏం కనపడిందో కూడా.