ఎవరు వద్దన్నా వద్దే

అమ్మలూ, అల్లుడుగారూ,

ఫిబ్రవరిలో గుల్‌మర్గ్ వెళ్ళి, స్కీలతోనే కొండెక్కి, ఒక రాత్రి మంచులో టెంట్ వేసుకుంటామని మీరు చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. మీ పెదనాన్నా నేనూ ఏళ్ళ తరబడి చలికాలాల్లో ఇదే పని చేశాం కాబట్టి వద్దనను, తప్పకుండా వెళ్ళండి. కాకపోతే ఉత్తరాఖండ్‌లోని ఔలీలో స్కీ కోర్సు చేసి వాలు మీద జారడం నేర్చుకోవడం వేరు, స్కీ లిఫ్టు వదిలేసి కొండల లోపలికి పోవడం వేరు. అక్కడ సాయం వచ్చేదాకా ఒకరికి ఒకరే దిక్కు. నేను చెప్పేవన్నీ అందులోంచి వచ్చినవే.

ముందు అవలాంచ్, అంటే మంచు చరియలు విరిగిపడే సంగతి. గుల్‌మర్గ్‌లోనే 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ మంచు చరియల కిందే పోయారు. మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. కింది పొర బలహీనంగా ఉండి, దాని మీద గాలి తెచ్చిపోసిన మంచు గట్టి పలకలా కూర్చుంటే, అది తెగడానికి మీ బరువు చాలు. ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. స్కీ చేయడానికి మనసు లాగేదీ ఆ వాలే. ఈ ఏడాది 30 లోపు వాలుల్లోనే తిరగండి, నిటారు వాలు కింద కూడా ఆగొద్దు. రాత్రంతా మంచు కురిసి పొద్దున్నే ఎండ కాస్తే కాళ్ళు ఆగవు. ఆ రోజే ఆగాలి. కాళ్ళ కింద ధబ్బుమని మంచు కుంగిన చప్పుడైతే మారు మాట్లాడకుండా వెనక్కి తిరగండి.

బీకన్ (మంచు కింద ఉన్నవాళ్ళ జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఇద్దరికీ విడివిడిగా ఉండాలి. కూరుకుపోయిన మనిషిని పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత వేగంగా తగ్గిపోతుంది. అంతలోపు కింది నుంచి ఎవరూ రాలేరు. అందుకే అనుమానమున్న వాలు మీదికి ఇద్దరూ ఒకేసారి పోకూడదు. ఒకరు దాటుతుంటే రెండోవాళ్ళు భద్రమైన చోట నిలబడి కళ్ళార్పకుండా చూడాలి. పక్కపక్కన ఫొటో కోసం కూడా ఈ నియమం తప్పొద్దు. మొదటిసారి కదా, అక్కడి గైడ్‌ని తప్పక తీసుకెళ్ళండి.

ఇంకొకటి. ఇద్దరిలో ఎవరు వద్దన్నా వద్దే. కారణం అడగొద్దు, బతిమాలొద్దు, రాత్రి టెంట్‌లో దెప్పొద్దు. అమ్మలూ, నీకు మొహమాటం ఎక్కువ, అవతలివాళ్ళ సరదా పాడవుతుందని నోరు మూసుకుంటావు. ఇంట్లో అది చెల్లుతుంది, కొండ మీద చెల్లదు. అల్లుడుగారూ, తను నోరు తెరిచి చెప్పకపోయినా నడక మందగిస్తే మీరే ఆగి అడగండి.

హైదరాబాద్ ఎత్తు దాదాపు 500 మీటర్లు, గుల్‌మర్గ్ 2,650, గొండోలా (అక్కడి కేబుల్ కారు) రెండో దశ పైకి పోతే 3,900 దాటుతుంది. పొద్దున శంషాబాద్‌లో విమానమెక్కినవాళ్ళకి ఇది ఒక్కసారిగా చాలా ఎత్తు. రెండు రాత్రులు గుల్‌మర్గ్‌లోనే పడుకుని అప్పుడు పైకి కదలండి. తలనొప్పితో పాటు వాంతులైతే కిందికి దిగడమే మందు.

ఎక్కడానికి స్కీల అడుగున స్కిన్లు, అంటే నూగున్న పొడవాటి పట్టీలు అంటిస్తారు. పిల్లి వీపు నిమిరినట్టు ఒక వైపు జారతాయి, రెండో వైపు పట్టుకుంటాయి. సాయంత్రం వాటిని జాకెట్ లోపల పెట్టుకోండి, జిగురు చలికి పనిచేయదు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే జాకెట్ తీసేయాలి. ఒంటి మీద నూలు బట్ట ఒక్కటీ వద్దు, తడిస్తే ఆరదు.

టెంట్ వేసే చోటు స్కీలతో బాగా తొక్కి, అరగంట వదిలేస్తే గట్టిపడుతుంది. మామూలు మేకులు నిలవవు. సంచుల్లో మంచు నింపి, తాడు కట్టి పాతిపెట్టండి. కింద పరిచే మ్యాట్ విషయంలో పిసినారితనం వద్దు, చలి ఎక్కువగా కింది నుంచే లాగుతుంది. మూసిన టెంట్‌లో స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది. వంట బయటే. మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున కాసిన్ని నీళ్ళు పోయండి, లేకపోతే అడుగు మాడుతుంది. సీసాను తలకిందులుగా పెడితే మూత దగ్గర గడ్డకట్టదు. బూట్ల లోపలి లైనర్లు, ఫోన్లు స్లీపింగ్ బ్యాగ్‌లో మీతోనే పడుకోవాలి.

మన ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పలకదు, పోస్ట్‌పెయిడ్ తీసుకోండి. శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా మన దేశంలో నేరం, విదేశీయుల వీడియోలు చూసి కొనకండి. స్టవ్ గ్యాస్‌ని విమానంలో రానివ్వరు, అక్కడే కొనాలి. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో హోటల్‌లో రాసిచ్చి వెళ్ళండి, నాకూ పంపండి.

హైదరాబాదీలకి మంచేమిటని ఎవరన్నా అంటే పట్టించుకోవద్దు. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణ మొదట నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదే. ఇప్పటి నుంచే వారానికి రెండుసార్లు బరువు సంచితో గోల్కొండ మెట్లు ఎక్కి దిగండి.

వచ్చే ఆదివారం బీకన్లు పట్టుకుని పొద్దున్నే మా ఇంటికి రండి. పక్క పార్కులో ఆకుల కుప్ప కింద ఒకటి దాచిపెడతాను, ఒక్కొక్కరుగా వెతకాలి. ఐదు నిమిషాల్లోపు దొరికేదాకా టిఫిన్ పెట్టను.

మీ పెద్దమ్మ