కొట్టే మొగుడి దగ్గరికే మళ్ళీ వెళ్ళిపోయిన అక్కకు ఎలా సాయం చేయాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. అక్కను మిర్యాలగూడ దగ్గర ఊరికి ఇచ్చారు, బావ తాగొచ్చి కొడుతున్నాడు, మీరు పోయి తీసుకొచ్చినా కొన్నాళ్ళుండి తనే వెళ్ళిపోతోంది. ఈసారి పోతే మాకూ నీకూ సంబంధం లేదని చెప్పేద్దామని అమ్మ అంటోంది, అది సరైనదేనా అని అడిగావు. కాదు. ఆ ఒక్క మాట మాత్రం అమ్మను అననీయకు. ఆమె వెనక ఎవరూ లేకుండా పోవాలనే కదా మీ బావకు కూడా కావాల్సింది.

నాది దేవరకొండ వైపు. నేనూ అట్లాంటి ఇంట్లో ఉండి వచ్చినదాన్నే, ఇప్పుడు నల్గొండలో బట్టలు కుట్టుకుంటూ పిల్లలతో వేరుగా ఉంటున్నాను. "మళ్ళెందుకు పోతున్నవ్ ఆడికి" అని నన్ను అడగని మనిషి లేడు. పిల్లోడి బడి అక్కడ. పొదుపు సంఘంలో నా పేరు మీద తీసిన లోను ఆయనే వాడుకున్నాడు, కిస్తీ ఆగితే సంఘం వాళ్ళు అడిగేది నన్ను. బంగారం అత్త బీరువాలో. ఇంటి దగ్గర చెల్లెకు సంబంధాలు చూస్తున్నారు, అక్క మొగుణ్ణి వదిలేసి వచ్చిందంటే వచ్చేవాళ్ళు గడప దగ్గరే ఆగిపోతారని నాన్న భయం. అదీగాక కొట్టిన మర్నాడు ఆయన వచ్చి మా అమ్మ ముందు ఏడ్చేవాడు, మటన్ తెచ్చేవాడు, పిల్లల్ని బండి మీద తిప్పేవాడు, ఆ నాలుగు రోజులు నిజంగానే బాగుండేది. కొట్టేవాడు రోజూ కొట్టడు, చిక్కంతా అక్కడే ఉంది. ఆ మంచి రోజులు చూసి మనిషి మారాడనుకుంటాం.

తాగుడు మానిపిస్తే సరిపోతుంది అంటారు కొందరు. మానిపిస్తే మంచిదే, కానీ ఎంత తాగినా బెల్టు షాపు వాణ్ణి కొట్టడు, సర్పంచ్ ఎదురొస్తే పక్కకు జరిగి నిలబడతాడు, చెయ్యి లేచేది మాత్రం ఇంట్లోనే. అందుకే దెబ్బల సంగతి ఒక్కటే అడగకు. కూలి డబ్బులు ఎవరి చేతిలో ఉంటున్నాయి, ఫోన్ ఎవరు చూస్తున్నారు, తల్లిగారింటికి రావడానికి ఎవరి పర్మిషన్ కావాలి, ఇవి కూడా గమనించు. చట్టం కూడా తిట్లనూ, డబ్బు గుంజుకోవడాన్నీ, ఇష్టం లేకుండా మీద పడటాన్నీ హింస కిందే లెక్కేస్తుంది.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి అనుకోకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏదో ఒక కారణానికి మొగుడు పెళ్ళాన్ని కొట్టడం తప్పు కాదని తెలంగాణలో నూటికి 84 మంది ఆడవాళ్ళే చెప్పారు. మీ అమ్మా, అక్క అత్తా, పక్కింటి ఆమె, అందరూ ఆ లెక్కలో ఉండొచ్చు. అందుకే "ఓర్సుకో బిడ్డా" అనే మాట అంత తేలిగ్గా వస్తుంది.

ఇక పెద్దమనుషుల పంచాయితీ. మాకూ జరిగింది. వేపచెట్టు కింద కుర్చీలు వేశారు, ఆయన కుర్చీలో కూర్చున్నాడు, నేను కొంగు నెత్తికి కప్పుకుని గోడవారగా నిలబడ్డాను. కూరలో ఉప్పెందుకు ఎక్కువైంది, ఎదురు మాట ఎందుకన్నావు, ప్రశ్నలన్నీ నాకే. చివరికి బాండ్ పేపర్ మీద ఇకనుంచి కొట్టనని ఆయనతో రాయించి, ఇకనుంచి సర్దుకుపోతానని నాతో వేలిముద్ర వేయించారు. నేను టెన్త్ పాసయ్యాను, సంతకం వచ్చు. అడిగినవాళ్ళు లేరు. ఆ కాగితం ఇంట్లో పడి ఉంది కానీ అది ఏ కోర్టు ఉత్తర్వూ కాదు, దాన్ని చూసి ఆయన భయపడిందీ లేదు.

నాకు పనికొచ్చింది పక్కింటి వదిన. ఆమె నాకు ఏ సలహా ఇవ్వలేదు, మా ఆయన్ని నా ముందు తిట్టలేదు. నేను వెళ్ళినప్పుడల్లా ముందు అన్నం పెట్టేది, తర్వాత తలుపు దగ్గరకేసి చెప్పింది వినేది. ఒకరోజు నా ఆధార్, రేషన్ కార్డు జెరాక్సు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్, దవాఖాన చీటీలు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి వాళ్ళ బియ్యం డబ్బా అడుగున పెట్టింది, నెలకింత అని నేనిచ్చిన చిల్లర కూడా అందులోనే. చివరికి చీకటితో బస్సెక్కినప్పుడు నా చేతిలో ఉన్నది ఆ కవరే. ఇలాంటి మనిషి మీ అక్క ఊర్లో ఎవరున్నారో చూడు, ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో, ఎవరైనా సరే.

చట్టం సంగతి. కేసు అనగానే మొగుడు జైలుకు పోతాడని ఆడవాళ్ళు వెనక్కి తగ్గుతారు, నేనూ అదే అనుకున్నాను. 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్‌కు పెట్టుకునే దరఖాస్తు జైలు కోసం కాదు. కొట్టొద్దని రక్షణ ఉత్తర్వు, ఇంట్లోంచి వెళ్ళగొట్టొద్దని ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, పిల్లల కస్టడీ, బీరువాలో ఉండిపోయిన బంగారం, ఇవన్నీ అందులోనే అడగొచ్చు. ఆ రక్షణ ఉత్తర్వును మీరితే అప్పుడు నేరమవుతుంది, ఏడాది దాకా జైలో, 20 వేల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. మొగుడూ అత్తింటివాళ్ళూ హింసిస్తే పెట్టే, అందరూ 498ఏ అని పిలిచే క్రిమినల్ కేసు వేరు, 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. రెండూ పెట్టొచ్చు, ఒక్కటే పెట్టొచ్చు, అది అక్క ఇష్టం.

నల్గొండలో సఖి కేంద్రం ఉంది. కౌన్సెలింగ్, న్యాయ సలహా, కొన్ని రోజులు తలదాచుకోవడానికి చోటు, అన్నీ అక్కడే. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఎప్పుడు చేసినా పలుకుతారు, ప్రాణం మీదికొస్తే 100 గానీ 112 గానీ. లాయర్ ఫీజు గురించి టెన్షన్ వద్దు, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, నంబరు 15100. మంచి మనసుతో ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు, అంటే గృహహింస చట్టం కింద పెట్టిన అధికారికి, సమాచారం ఎవరైనా ఇవ్వొచ్చు, ఇచ్చినందుకు నీ మీద కేసు రాదని చట్టంలోనే ఉంది. కానీ అక్కకు తెలియకుండా ఆ పని చేయకు, ఆ రాత్రి ఇంట్లో ఆయనతో ఉండాల్సింది ఆమె. ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం ఆగొద్దు. పోలీస్ స్టేషన్‌లో ఇంటికి పోయి సర్దుకొమ్మని పంపేస్తే, మమ్మల్ని అలాగే పంపారు, ఫిర్యాదు రాసిచ్చి రసీదు అడగండి, లేదంటే నేరుగా సఖికి పోండి.

దెబ్బలు తగిలినప్పుడు సర్కారు దవాఖానలో జారిపడ్డానని చెప్పొద్దను. చెప్పిందే చీటీలో రాస్తారు, రేపు అదే ఎదురు తిరుగుతుంది. కొట్టాడని చెప్పి ఎమ్మెల్సీ, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే డాక్టరు రిపోర్టు, రాయించుకోవాలి.

ఒకటి గట్టిగా చెప్తున్నా. గొంతు పట్టుకున్నాడన్నా, పెట్రోలు పోస్తా, పురుగుల మందు తాగిస్తా అని బెదిరించాడన్నా, దాన్ని మామూలు గొడవల్లో కలపొద్దు, చంపేదాకా పోయే ఇళ్ళలో ముందు కనబడేవి ఇవే. ఆమె బయటికి వస్తోందని అతనికి తెలిసిన రోజులు ఇంకా ప్రమాదం. కాబట్టి కోపంలో పోయి బావ కాలర్ పట్టుకోకు, నువ్వు బస్సెక్కాక ఆ లెక్క ఆమె దగ్గర తీర్చుకుంటాడు. ఫోన్‌లో ఈ విషయాలు మెసేజ్ చేయకు, ఆమె ఫోన్ ఆయన చూస్తాడనే అనుకో.

బతుకమ్మకు ఎట్లాగూ తల్లిగారింటికి వస్తుంది కదా. ఆ నాలుగు రోజుల్లో పోతావా ఉంటావా అని ఎవరూ అడగొద్దని అమ్మకు ముందే చెప్పి పెట్టు. ఆధార్ ఆమె పర్సులోనే ఉంటుంది, ఆరోజే జెరాక్సులు తీయించు, ఆమె పేరు మీద అకౌంట్ లేకపోతే పోస్టాఫీసుకు తీసుకుపోయి తెరిపించు, పాస్‌బుక్ మీ ఇంట్లోనే ఉంచు.