కొన్న పుస్తకాలు సగంలోనే ఆగిపోతుంటే మొదటి నెల ఎలా చదవాలి?

డిగ్రీ అయిపోయి తిరుపతిలో రూములో ఉంటున్నానని, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు నాలుగు కొన్నా ఒక్కటీ సగం దాటలేదని, చదివింది మర్నాటికి గుర్తుండట్లేదని అడిగావు తమ్ముడూ. ఆ నాలుగింటినీ ముందు పక్కన పెట్టు. ఆ రకం పుస్తకాల్లో చాలావాటికి సరుకు మొదటి ముప్పై నలభై పేజీల్లోనే అయిపోతుంది, తర్వాతంతా అదే మాటకు ఉదాహరణలు. నెలాగి, విషయసూచిక చూసి, నీకు అవసరమైన అధ్యాయం ఒక్కటే చదువుకో.

ఇప్పుడు కావాల్సింది కూర్చున్నచోటే ముగిసేది, అంటే కథలు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కథకుడు మధురాంతకం రాజారాం కథల సంపుటానికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అక్కడ మొదలుపెట్టు. మన యాసలోనే కావాలంటే కథకుడు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఉన్నాడు.

కొనొద్దు, ప్రభుత్వ శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకో. కట్టిన డిపాజిట్ మానేసేటప్పుడు వెనక్కిస్తారు. చాలా శాఖలకు శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఎలాగూ కడుతున్నాం, వాడుకుంటే తప్పేముంది! అట్ట లోపల అంటించిన చీటీ మీద తేదీ ముద్రలు చూడు. దగ్గర దగ్గర తేదీలుంటే అది జనం నిజంగా చదివే పుస్తకం. పైగా గడువు ముద్ర ఉన్న పుస్తకం త్వరగా పూర్తవుతుంది. కొన్నది ఎక్కడికీ పోదు కాబట్టే అలా పడి ఉంటుంది.

మొదటి వారం రోజుకు పది పేజీలే. మామూలు తెలుగు వచనం అయితే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. ఊపు మీదున్నా ఆపెయ్. తొలిరోజే యాభై పేజీలు లాగినవాళ్లు నాలుగోరోజుకు పుస్తకం ముట్టుకోరు. రెండో వారం పదిహేను చెయ్యి. ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, వేరే గదిలో ఛార్జింగుకు పెట్టు. సర్వదర్శనం కంపార్టుమెంట్లో సెల్ లేకుండా గంటల తరబడి కూర్చునేవాళ్లం, రూములో అరగంట కూర్చోలేమా?

ఇక గుర్తుండటం. గీతలు గీస్తే లాభం లేదు, చెయ్యి ఆడుతుంది గానీ బుర్ర ఆడదు. రెండోసారి చదివినప్పుడు "ఆ, ఇది తెలుసులే" అనిపిస్తుంది. చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. అందుకే చదవగానే పుస్తకం మూసి, రూళ్ల నోటుబుక్కులో నాలుగైదు వరుసలు రాయి: ఎవరు, ఏం జరిగింది, ఎందుకు. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్రపెన్నుతో చేర్చు. ఎరుపు ఎక్కువైతే కంగారు పడకు, రేపు గుర్తుండేవి అవే. మర్నాడు కొత్త పేజీ తెరవకముందే నిన్నటిది నోటితో చెప్పుకో, వారానికి ఇంకోసారి. తిరుపతి - చిత్తూరు బస్సులో చదివితే కళ్లు తిరుగుతాయి గనుక ఆ ప్రయాణం దీనికి వాడుకో.

ఇంగ్లీషుకైతే పత్రిక సంపాదకీయంలో రోజుకు రెండు పేరాలు చాలు. ఐదు మాటలకు మించి గుర్తు పెట్టుకోకు. ముందు అర్థం ఊహించు, ఆనక నిఘంటువు చూడు, ఆ మాటతో సొంత వాక్యం ఒకటి రాయి. అర్థాలే రాసుకుంటూ పోతే నోటుబుక్కు నిండుతుంది గానీ మాట నోటికి రాదు.

చదివింది ఆచరణలోకి రావాలంటే ఒక్కటే ఎంచుకుని, రోజూ ఎలాగూ చేసే పనికి తగిలించు. రాత్రి మెస్సులో తిని రాగానే ఆనాటి ఖర్చు రాయడం లాంటిది నిలుస్తుంది. "పొద్దున్నే నాలుగింటికి లేస్తా" అన్నది, రూమ్మేట్లు ఒంటిగంట దాకా క్రికెట్ చూసే చోట వారం కూడా ఆగదు.

మధ్యలో రెండు మూడు రోజులు తప్పుతుంది, అందరికీ తప్పుతుంది. ఆ బాకీ పేజీలన్నీ ఒకేరోజు తీర్చాలని కూర్చోకు, చాలామంది అక్కడే మానేస్తారు. ఎక్కడ ఆగావో అక్కడినుంచి మళ్లీ పది పేజీలు మొదలుపెట్టు.